చలి ప్రాంతాలకు వెళ్లే డీజిల్ లారీకి ఇంజిన్ ఆయిల్: ఎంపిక నుంచి తెల్లవారుజామున స్టార్ట్ చేసే దాకా

అక్టోబరులో ఆపిల్ లోడ్లు మొదలైతే చాలు, ఆటోనగర్‌లో నా ఫోన్ ఖాళీగా ఉండదు. "బాబాయ్, శ్రీనగర్ వైపు లోడు దొరికింది, ఆయిల్ మార్చాలా? పలచటిది పోయించమంటున్నారు, పోయించనా?" అడిగే ప్రతివాడికీ ముందు మూడు ఎదురు ప్రశ్నలు వేస్తాను. వాటికి జవాబులొస్తే ఆయిల్ సంగతి సగం తేలిపోయినట్టే. ఆ ప్రశ్నల దగ్గర్నుంచే మొదలుపెడదాం.

1. డబ్బా కొనేముందు రాసుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది, బండి రాత్రి ఎక్కడ ఆగుతుంది? పగటి ఎండతో మనకు పనిలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారిపోయే తెల్లవారుజాము 4, 5 గంటలకు అక్కడ ఎంత చలి ఉంటుందన్నదే లెక్క.

ఢిల్లీ, పంజాబ్ చలికి మనిషి వణుకుతాడేమో గానీ ఇంజిన్‌కి అదొక లెక్క కాదు. సాధారణంగా సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి ఆయిల్ మార్చే పనే లేదు. శ్రీనగర్‌లో డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల గడ్డుచలిలో, అక్కడివాళ్లు చిల్లై కలాన్ అంటారు, రాత్రిళ్లు మైనస్ 4, మైనస్ 6 మామూలు. మంచుకి జోజీలా కనుమ మూసేలోపు లదాఖ్‌లోని ద్రాస్, కార్గిల్ వైపు వెళ్లే బండికి మైనస్ 20 కూడా తగలొచ్చు. శ్రీనగర్, ద్రాస్ రెండూ ఒకే రూటు మీదున్నా ఆయిల్ విషయంలో వేరే దేశాలే అనుకోండి.

రెండోది, ఎన్ని రాత్రులు? ఒక్క ట్రిప్పు వేసి తిరిగొచ్చేస్తుందా, చలికాలమంతా అక్కడే తిరుగుతుందా? జమ్మూ–శ్రీనగర్ రోడ్డు మూసేస్తే ఖాజీగుండ్ దగ్గర లారీలు రోజుల తరబడి నిలబడిపోతాయి. ఒక్క రాత్రే కదా అనుకున్నది నాలుగు రాత్రులవుతుంది. లెక్కలో ఆ ఆలస్యాన్నీ కలపండి.

మూడోది, బండి ఏ తరానిది? పొగ నిబంధనల ప్రకారం బీఎస్-3, బీఎస్-4, బీఎస్-6లో ఏదో ఆర్సీ చూసి రాసుకోండి. బండితో వచ్చిన మాన్యువల్‌లో ఆయిల్ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ పేజీలో సాధారణంగా బయటి వేడికి తగ్గ గ్రేడ్ల పట్టిక ఉంటుంది. నా మాటకీ ఆ పట్టికకీ తేడా వస్తే పట్టిక మాటే వినండి.

2. డబ్బా మీది అంకెలు చదవడం

15డబ్ల్యూ-40 అని ఉంటుంది కదా, అందులో డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. వెనకున్న 40 ఇంజిన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది.

ముందు అంకెను రెండు పరీక్షలు పెట్టి తేలుస్తారు. ఒకటి, సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుందా అన్నది. రెండోది, ఛాంబర్లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉన్న ఆయిల్‌ని పంపు లాగగలదా అన్నది. ఈ రెండో పరీక్ష మరో 5 డిగ్రీలు దిగువన చేస్తారు.

- 15డబ్ల్యూ: తిరిగే పరీక్ష మైనస్ 20 దగ్గర, లాగే పరీక్ష మైనస్ 25 దగ్గర
- 10డబ్ల్యూ: మైనస్ 25, మైనస్ 30
- 5డబ్ల్యూ: మైనస్ 30, మైనస్ 35
- 0డబ్ల్యూ: మైనస్ 35, మైనస్ 40

రెండు పరీక్షలెందుకని చాలామంది అడుగుతారు. అసలు ప్రమాదం రెండో దాంట్లోనే ఉంది. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే బండి ఆగిపోతుంది, అంతే, ఇంజిన్‌కి నష్టం లేదు. స్టార్టై కూడా పంపుకి ఆయిల్ అందకపోతేనే కొంప మునిగేది. గడ్డకట్టిన ఆయిల్లో స్ట్రెయినర్ చుట్టూ గుంట పడుతుంది, పక్కనున్న ఆయిల్ జారి ఆ గుంటలోకి రాదు, పంపు గాలి లాగుతుంది. పైన టర్బో, కింద మెయిన్ బేరింగులు పొడిగా తిరుగుతాయి.

ఇవన్నీ కొత్త ఆయిల్‌కి ల్యాబ్‌లో పెట్టే హద్దులు. మీ ఛాంబర్లో ఉన్నది మసి కలిసి చిక్కబడిన ఆయిల్. బ్యాటరీ కూడా నిన్నటిది కాదు. అందుకే నేను హద్దుకి 8, 10 డిగ్రీలు ఇవతలే ఆగమంటాను.

దీన్ని కళ్లారా చూడాలంటే ఇంట్లోనే చూడొచ్చు. మూత గట్టిగా బిగిసే రెండు చిన్న గాజు సీసాల్లో 15డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40 సగం సగం పోసి, ఒక రాత్రంతా డీప్ ఫ్రీజర్లో పెట్టండి. మామూలు ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. పొద్దున్నే రెండింటినీ ఒకేసారి పక్కకి వంచండి. 5డబ్ల్యూ ఆముదంలా జారుతుంది. 15డబ్ల్యూ మాత్రం అరిసెల పాకం చల్లారిపోయినట్టు ముందు కదలనంటుంది, తర్వాత బద్ధకంగా ఒక పక్కకి ఒరుగుతుంది. ఇది ల్యాబ్ పరీక్షకు సమానం కాదు గానీ, డ్రైవర్‌కి గంట ఉపన్యాసం ఇచ్చే బదులు ఆ సీసాలు చేతికిస్తే చాలు. మా ఇంట్లో ఆ సీసాలు ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన కనపడ్డ రోజు జరిగిన గొడవ వేరే కథ. మీరు పేరు రాసి పెట్టుకోండి.

3. వెనకున్న 40ని ఎందుకు వదలొద్దంటున్నానంటే

చలికి వెళ్తున్నాం కదా అని అన్ని రకాలా పలచన చేసెయ్యాలని చూస్తారు. మన బండి అక్కడే ఉండిపోదు. లోడు దింపి తిరుగు లోడుతో నాగపూర్ దాటి, మార్చి చివరికి విజయవాడ ఎండలో ఉంటుంది. పైగా చలి ప్రాంతంలో కూడా నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ లోపల ఆయిల్ వేడి తగ్గదు. బయట మంచున్నా లోపల వేసవే.

కాబట్టి మార్చాల్సింది ముందు అంకెని, వెనకది కాదు. 10డబ్ల్యూ-30 వాడొచ్చని మీ మాన్యువల్ స్పష్టంగా రాస్తే వాడండి. లేకపోతే 40 దగ్గరే ఉండండి.

నేను పాటించే లెక్క ఇది:

- రాత్రి చలి మైనస్ 10 వరకు: 15డబ్ల్యూ-40 చాలు. శ్రీనగర్ ట్రిప్పు ఇందులోకే వస్తుంది. కాకపోతే ఆయిల్ తాజాగా ఉండాలి.
- మైనస్ 10 నుంచి మైనస్ 15 వరకు: 10డబ్ల్యూ-40. దొరకకపోతే 5డబ్ల్యూ-40.
- అంతకన్నా కిందికి, అంటే ద్రాస్, కార్గిల్, లేహ్ లాంటి చోట్ల రాత్రి ఆగే బండికి: 5డబ్ల్యూ-40 సింథటిక్. దీంట్లో బేరం లేదు.

5డబ్ల్యూ-40కి ఖర్చు బాగా ఎక్కువే. శ్రీనగర్‌కి ఒక్క ట్రిప్పు వెళ్లొచ్చే బండికి ఆ డబ్బు దండగ. దాంట్లో సగం పెడితే మంచి బ్యాటరీ వస్తుంది, అది ఎక్కువ పనికొస్తుంది. లదాఖ్ వెళ్లే బండికి మాత్రం ఆ డబ్బు దాచుకోవాలని చూడొద్దు.

4. అక్షరాలు: సీఐ-4, సీకే-4 గొడవ

అంకెలు చిక్కదనం గురించి చెబితే, అక్షరాలు నాణ్యత గురించి చెబుతాయి. ఏపీఐ (ఆయిల్ నాణ్యత ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) అని రాసి, తర్వాత సీహెచ్-4, సీఐ-4, సీఐ-4 ప్లస్, సీజే-4, సీకే-4 అని వరసగా ఉంటాయి. వెనకది ముందుదానికన్నా కొత్తది.

బీఎస్-6 బండికి పొగ గొట్టంలో డీపీఎఫ్ ఉంటుంది, అంటే మసిని పట్టే జల్లెడ. మసిని కాల్చి శుభ్రం చేసుకోగలదు గానీ, ఆయిల్ కాలగా మిగిలే బూడిదని కాల్చలేదు. అది పేరుకుంటూ పోతుంది. అందుకే ఈ బండ్లకి తక్కువ బూడిద ఆయిల్ కావాలి. సీకే-4లో ఆ బూడిద 1 శాతం దాటకూడదని నియమం. పాత సీఐ-4 ఆయిల్‌లో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. చలికి మంచిదని ఎవరో చెప్పారని బీఎస్-6 బండిలో సీఐ-4 పోస్తే బండి స్టార్ట్ అవుతుంది గానీ, కొన్నాళ్లకి డీపీఎఫ్ బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

అదే సీకే-4ని పాత బీఎస్-3, బీఎస్-4 బండ్లలో పోసుకోవచ్చు. పాత రకాల స్థానంలో పనికొచ్చేలాగే దాన్ని తయారుచేశారు. ఎఫ్ఏ-4 అని ఇంకొకటి కనపడితే మాత్రం ముట్టుకోకండి. అది బాగా పలచటిది, దాని కోసమే తయారైన ఇంజిన్లకే పనికొస్తుంది.

కంపెనీ కోడ్ కూడా సరిచూసుకోండి. కమ్మిన్స్ ఇంజిన్లకి సీఈఎస్ 20086, మెర్సిడెస్ కుటుంబానికి ఎంబీ 228.31 లేదా 228.51, వోల్వోకి వీడీఎస్-4.5 లాంటివి. మాన్యువల్‌లో ఏ కోడ్ ఉందో అదే డబ్బా వెనక అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. వారంటీ ఉన్న బండికి మీ బేరసారాలన్నీ ఈ కోడ్ తర్వాతే.

5. కొనేటప్పుడు

బ్రాండు ఏదైనా పర్లేదు, డబ్బా నిజమైనదై ఉండాలి. దారిలో దాబా పక్కన "ఇక్కడి చలికి స్పెషల్" అంటూ అమ్మే ఆయిల్ కొనొద్దు. బయల్దేరకముందే మీ ఊళ్లో నమ్మకమైన డీలర్ దగ్గర బిల్లుతో కొనండి.

- సీలు కదలకుండా ఉందా, మూత కింది రింగు తెగకుండా ఉందా
- బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిగిపోకుండా ఉన్నాయా
- స్కాన్ చేసే కోడ్ ఉంటే అక్కడే స్కాన్ చేశారా
- గ్రేడు, ఏపీఐ అక్షరాలు, కంపెనీ కోడ్ మూడూ మీ ఫొటోతో సరిపోయాయా
- పైకి పోయడానికి అదే ఆయిల్ మరో 3, 4 లీటర్లు తీసుకున్నారా

ఖాళీ డబ్బాలు చెత్తలో పడేసేముందు కోసెయ్యండి. నకిలీ ఆయిల్‌కి ముడిసరుకు ఆ ఖాళీ డబ్బాలే.

6. మార్చే పని, వరస తప్పకుండా

చలిలోకి వెళ్లాక రోడ్డు పక్కన చేసే పని కాదిది. ఇక్కడే, బయల్దేరే ముందు రెండు మూడు రోజుల గడువు ఉండగా చెయ్యాలి. లీకుంటే ఇక్కడే బయటపడుతుంది.

మొదటి మెట్టు: బండిని 15, 20 కిలోమీటర్లు తిప్పుకొచ్చి సమంగా ఉన్న నేల మీద ఆపండి. వేడి ఆయిలే అడుగునున్న మడ్డిని మోసుకొస్తుంది. చెయ్యి కాలకుండా 10 నిమిషాలు ఆగండి.

రెండో మెట్టు: డ్రెయిన్ నట్టు విప్పి కనీసం అరగంట వదిలెయ్యండి. ధార ఆగాక కూడా చుక్కలు పడుతూనే ఉంటాయి, పడనివ్వండి. నట్టుకి ఇనుప రజను అంటుకుందేమో చూడండి. గోటితో గీస్తే మెరిసే పొట్టు కనిపిస్తే చలి సంగతి తర్వాత, ముందు ఇంజిన్ చూపించుకోవాలి.

మూడో మెట్టు: ఫిల్టర్ తప్పకుండా మార్చండి. పాతది తీశాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు పడితే రోడ్డు మీద మొత్తం ఆయిల్ పోతుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి బిగించండి. ఫిల్టర్‌ని ముందే ఆయిల్‌తో నింపాలా వద్దా అన్నది మాన్యువల్ చూసి చెయ్యండి, కొన్ని ఇంజిన్లకి వద్దంటారు.

నాలుగో మెట్టు: డ్రెయిన్ నట్టుకి కొత్త వాషర్ వెయ్యండి. పది రూపాయల వాషర్ దగ్గర పీనాసితనం చేసినవాడు ఛాంబర్ తడిగా చూసుకుంటూ కశ్మీర్ దాకా వెళ్తాడు.

ఐదో మెట్టు: చెప్పిన కొలత కన్నా ఒకటి రెండు లీటర్లు తక్కువ పోసి, 10 నిమిషాలు ఆగి గేజి పుల్ల చూడండి. తర్వాత కొంచెం కొంచెంగా పై గీత దాకా తీసుకురండి. గీత దాటనివ్వొద్దు. ఎక్కువైతే క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ బేరింగుల్ని కాపాడదు.

ఆరో మెట్టు: స్టార్ట్ చేసి యాక్సిలేటర్ ముట్టుకోకుండా ఆయిల్ లైటు ఆరేదాకా చూడండి. 10, 15 సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపెయ్యండి. ఆరితే 5 నిమిషాలు నడిపి, ఫిల్టర్ చుట్టూ, నట్టు చుట్టూ టార్చి వేసి చూసి, ఆపి, కాసేపయ్యాక మళ్లీ లెవెల్ చూడండి.

ఏడో మెట్టు: కిలోమీటర్లు, తేదీ, గ్రేడు ఒక స్టిక్కర్ మీద రాసి క్యాబిన్లో అంటించండి. దారిలో మారే డ్రైవర్‌కి ఇదే ఆధారం.

పాత బండిలో మొదటిసారి సింథటిక్ పోస్తే, మడ్డితో మూసుకుపోయి ఉన్న లీకులు బయటపడొచ్చు. ఆయిల్ తప్పు కాదది, సీలు ముందే పోయింది. ఇందుకే రెండు రోజుల గడువు ఉంచమన్నాను. తీసిన ఆయిల్‌ని కాలవలో పొయ్యకుండా పాత ఆయిల్ తీసుకునే లైసెన్సు ఉన్నవాళ్లకి ఇవ్వండి.

7. తప్పు నిజంగా ఆయిల్‌దేనా?

ఒక చలికాలం నా బండే ఖాజీగుండ్‌లో తెల్లారి మొండికేసింది. డ్రైవర్ ఫోన్ చేసి "బాబాయ్, ఆయిల్ గడ్డకట్టినట్టుంది" అన్నాడు. నేనూ నిద్రమత్తులో సరే అని, అక్కడే దొరికిన ధరకి కొత్త ఆయిల్ పోయించాను. ఒక పూట, బోలెడు డబ్బు పోయాయి. బండి స్టార్ట్ కాలేదు. చివరికి డీజిల్ ఫిల్టర్ విప్పితే లోపల తెల్లగా, ముద్ద కొవ్వొత్తిలా మైనం. ఆ డీజిల్ మేం తెలంగాణలో నింపింది. సెల్ఫ్ ఎలా తిరుగుతోందని ఆ పొద్దున ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

ఆ ప్రశ్న మీరు అడగండి:

- సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోంది, ఫైర్ అవ్వట్లేదు: ఆయిల్‌ని అనుమానించొద్దు. డీజిల్ మైనం కట్టింది, లేదా లైన్లో గాలి పట్టింది.
- సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతోంది: ముందు బ్యాటరీ, కేబుల్ చివరలు చూడండి. ఆ తర్వాతే ఆయిల్. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగానికన్నా తగ్గిపోతుంది, అదే సమయంలో ఇంజిన్ ఎక్కువ బలం అడుగుతుంది.
- సెల్ఫ్ టక్కుమని ఆగిపోతోంది: బ్యాటరీ లేదా సెల్ఫ్ మోటరు.

డీజిల్ విషయంలో చెయ్యాల్సింది ఒక్కటే. ట్యాంకు సగం ఖాళీగా ఉండేలా వెళ్లి, చలి ప్రాంతంలోకి అడుగుపెట్టాక అక్కడి బంకులో నింపండి. లదాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చిన వింటర్ డీజిల్ మైనస్ 33 దాకా గడ్డకట్టదు. మన ఊళ్లో నింపిన డీజిల్‌కి ఆ గుణం ఉండదు. కూలెంట్‌లో నీళ్లు, గ్లైకాల్ సగం సగం ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు. ఉత్త నీళ్లతో తిరిగే బండి ఒక్క రాత్రిలో బ్లాకు పగలగొట్టుకోగలదు. బీఎస్-6 బండిలో పోసే డెఫ్, అంటే పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం, మైనస్ 11కి గడ్డకడుతుంది. దానికి బండిలోనే వేడిచేసే ఏర్పాటు ఉంటుంది, కంగారుపడి వేడినీళ్లు కలపకండి.

8. తెల్లవారుజామున స్టార్ట్ చేసే పద్ధతి

ముందు రోజు సాయంత్రమే మొదలవుతుందిది. ఇంజిన్ వైపు గాలి కొట్టకుండా బండి ఆపండి. ఆపే ముందు రెండు నిమిషాలు ఐడిల్ చెయ్యండి, టర్బో చల్లారాలి. ఎయిర్ ట్యాంకుల్లో చేరిన నీళ్లు వదిలెయ్యండి, లేకపోతే పొద్దున్నే బ్రేకులు గడ్డకడతాయి.

పొద్దున్నే తాళం తిప్పి, వేడిచేసే లైటు ఆరేదాకా ఆగండి. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, గేర్‌బాక్సులోని గట్టి ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడదు. 15 సెకన్లకు మించి కొట్టొద్దు. ఫైర్ కాకపోతే 2 నిమిషాలు ఆగి మళ్లీ. మూడుసార్లయినా అవ్వకపోతే ఆపి, పైన చెప్పిన ప్రశ్న వేసుకోండి.

స్టార్ట్ అయ్యాక రేజ్ చెయ్యొద్దు. చలి ఆయిల్ ఫిల్టర్లోంచి దూరలేక పక్కదారి వాల్వు తెరుచుకుంటుంది, అంటే వడకట్టని ఆయిల్ బేరింగులకి వెళ్తోంది. 3 నుంచి 5 నిమిషాలు ఐడిల్, తర్వాత నెమ్మదిగా కదలడం. గంటల తరబడి ఐడిల్‌లో ఉంచితే డీజిల్ ఇంజిన్ వేడెక్కదు, డీపీఎఫ్‌లో మసి మాత్రం నిండుతుంది.

9. తరచూ చేసే తప్పులు, వాటికి మందు

ఛాంబర్ కింద మంట పెట్టడం. కిరోసిన్ గుడ్డలు కాల్చి పెట్టేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను. అడుగున ఆయిల్ మాడుతుంది, పైనున్న వైరింగు, గాలి పైపులు కరుగుతాయి, డీజిల్ చుక్క పడితే బండే పోతుంది. వేడినీళ్లలో ముంచిన గోనెసంచి డీజిల్ ఫిల్టర్ మీద వెయ్యండి, ఎండ వచ్చేదాకా ఆగండి.

ఆయిల్‌ని పలచన చెయ్యడానికి డీజిల్, కిరోసిన్ కలపడం. పలచనవుతుంది, దాంతోపాటు బేరింగుల మీద పొర కూడా పోతుంది. కలిపేసి ఉంటే బండి నడపకుండా మొత్తం దింపి కొత్తది పోయండి.

పైకి పోయడానికి అదే గ్రేడు దొరకలేదని ఆయిల్ తక్కువతోనే నడపడం. ఇది మరీ పెద్ద తప్పు. 5డబ్ల్యూ-40 ఉన్న బండిలో అదే ఏపీఐ అక్షరాలున్న 15డబ్ల్యూ-40 ఒకటి రెండు లీటర్లు కలపొచ్చు. చలి గుణం కాస్త తగ్గుతుంది, ఇంజిన్ మాత్రం బతుకుతుంది.

లెవెల్ పెరిగితే సంతోషపడటం. బీఎస్-6 బండిలో డీపీఎఫ్ శుభ్రం చేసుకునే పని సగంలో ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. పుల్ల మీద లెవెల్ పెరిగి, డీజిల్ వాసన వస్తే ఆయిల్ మార్చాలి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే కూలెంట్ కలుస్తోంది, బండి కదపొద్దు. నల్లబడితే మాత్రం భయం లేదు, మసిని పట్టుకోవడమే దాని పని.

ఇంటికి రాగానే 5డబ్ల్యూ-40ని తీయించెయ్యడం. "ఎండల్లో పలచబడిపోతుంది బాబాయ్" అంటారు. వెనక 40 అలాగే ఉంది కదా, మామూలు గడువు దాకా వాడుకోండి.

10. బయల్దేరే రోజు ఉదయం చూసుకోవాల్సినవి

- ఆయిల్ లెవెల్ పై గీత దగ్గర, లీకు లేదు
- పైకి పోయడానికి అదే ఆయిల్ 3, 4 లీటర్లు, సీలుతో
- విడి డీజిల్ ఫిల్టర్ ఒకటి, ఆయిల్ ఫిల్టర్ ఒకటి, వాటి పానా
- బ్యాటరీ లోడ్ టెస్ట్ చేయించిన చీటీ, జంపర్ కేబుల్
- కూలెంట్ గాఢత చూపించిన గుర్తు
- టార్చి, గ్లవ్స్, గోనెసంచులు నాలుగు, నీళ్లు కాచుకునే గిన్నె
- మాన్యువల్ ఆయిల్ పేజీ ఫొటో డ్రైవర్ ఫోన్లో కూడా
- తలుపులేసిన క్యాబిన్లో బొగ్గుల కుంపటి పెట్టుకోవద్దని డ్రైవర్‌కీ, క్లీనర్‌కీ ఇద్దరికీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారా? ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే పోతారు. దుప్పట్లు ఇంకో రెండు ఎక్కువ పెట్టి పంపండి.